గుట్ట మీద రెండు రాత్రులు

జులై వచ్చిందంటే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన తల్లులు ఇద్దరో ముగ్గురో మా ఇంటి మెట్లెక్కుతారు. నేను షార్జాలో పదకొండేళ్లు ఉండి వచ్చానని జహీరాబాద్‌లో మా వీధి వాళ్లందరికీ తెలుసు. చాయ్ తాగుతూ అడిగే మాట కూడా ఇంచుమించు ఒకటే. "అక్కా, ఈసారి అక్కడి సెలవులకు పిల్లల్ని ఏదన్న కొండ మీదికి తీస్కపోదామనుకుంటున్నం. ఏది మంచిగుంటది?" నేను వెంటనే చోటు పేరు చెప్పను. ఎన్ని రాత్రులు ఉంటారని అడుగుతాను. "ఒక్క రాత్రే అక్కా, కానీ నాలుగు జాగలు చూడొచ్చంట" అంటారు. అప్పుడు ఇంకో చాయ్ పెట్టి, మా మొదటి ప్రయాణం సంగతి చెబుతాను.

అది 2016 డిసెంబరు, అక్కడి జాతీయ దినోత్సవం సెలవులు. మావాడికి ఏడేళ్లు, చిన్నదానికి మూడు. రెండు రోజుల్లో జెబెల్ జైస్ కొండ, రస్ అల్ ఖైమాలో పాత కోట, దిబ్బా సముద్రం, ఫుజైరా అన్నీ చుట్టేసి రావాలని కాగితం మీద వరసగా రాసుకున్నాం. నేను రాత్రి రెండింటికి లేచి పులిహోర కలిపి, చపాతీలు చేసి, గుడ్లు ఉడకబెట్టాను. మా ఆయన రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి, అలాగే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కొండ మలుపుల్లో మావాడు కారులోనే వాంతి చేసుకున్నాడు. పైకి చేరేసరికి గాలి ఈడ్చి కొడుతోంది. చిన్నదానికి స్వెట్టర్ తేలేదు. అది ఏడుపు, నేను విసుగు. మావాడు మాత్రం దారి పక్కన పలకల్లా విరిగిపడ్డ రాళ్లు చూసి అక్కడే కూలబడ్డాడు. వాంతి సంగతి మర్చిపోయాడు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతున్నాడు. ఫొటోకి నిలబడమని నేను కేక వేశాను. "ఇంకొంచెం సేపమ్మా" అన్నాడు. చెయ్యి పట్టి లాక్కొచ్చాను. కింద ఇంకా మూడు చోట్లు మిగిలి ఉన్నాయి మరి.

తర్వాత చాలా నెలలు వాడు "ఆ రాళ్ల దగ్గరికి మళ్లీ ఎప్పుడు పోతం" అని అడుగుతూ ఉండేవాడు. కోట గుర్తు లేదు, సముద్రం గుర్తు లేదు. ఆ రోజు చెయ్యి పట్టి లాగినందుకు నాకు ఇప్పటికీ మనసు పీకుతూ ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పరాయి దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లిదండ్రులు సెలవులో కొండకు వెళ్తే ఒకే చోట, కనీసం రెండు రాత్రులు ఉండాలి. మధ్యలో వచ్చే పగలంతా కారు తాళం సంచిలోంచి తీయకూడదు. మిగతాది ఎలా ఉన్నా సర్దుకుపోవచ్చు.

రెండు రాత్రులే ఎందుకంటారా? మొదటి రోజు పిల్లలు ఇంటిని వెంటబెట్టుకునే వస్తారు. వైఫై ఉందా, టీవీ ఉందా, తినడానికి ఏముంది అని అడుగుతారు. ఆ పూటకు వాళ్లను మార్చాలని చూడకండి. మర్నాడు పొద్దున వాళ్లంతట వాళ్లే బయటికి వస్తారు. వచ్చి ఏం చేయాలో తోచక గంటసేపు మిమ్మల్ని విసిగిస్తారు. ఆ గంట ఓర్చుకోవడమే కష్టం. మనకు చెయ్యి ఊరుకోదు, ఏదో ఒక ఆట చెబుతాం, లేకపోతే ఫోన్ ఇచ్చేస్తాం. ఊరుకోండి. ఆ గంట గడిచాక వాళ్లు రాయి దగ్గరికో, చీమల బారు దగ్గరికో, మేకపిల్ల దగ్గరికో పోతారు. అలా పోయినప్పుడు మీరు కాస్త దూరంగా చాప వేసుకుని పడుకోవచ్చు. ఒక్క రాత్రి ప్రయాణంలో ఆ గంట రానే రాదు. అది వచ్చేలోపే మనం సామాన్లు సర్దుతూ ఉంటాం.

మన ఊళ్లో పెరిగిన పిల్లలకు ఇదంతా చెప్పక్కర్లేదు. అక్కడి ఫ్లాట్లలో పెరిగే పిల్లల రోజు తలుచుకోండి. తలుపు, లిఫ్టు, బస్సు, స్కూలు, మళ్లీ బస్సు, లిఫ్టు, తలుపు. మే నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట కాలు బయట పెట్టలేరు. ఎండ ఎంత కఠినమంటే, బయట పనిచేసే కార్మికులను జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పూట పనిలో పెట్టకూడదని యూఏఈలో, సౌదీలో చట్టమే ఉంది. పిల్లలు నడిచేదంతా పలకరాయి పరిచిన చదును నేల మీదే. మా చిన్నది మొదటిసారి ఏటవాలు నేల మీద నిలబడినప్పుడు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని కదలలేదు. నేల ఒక పక్కకు వంగి ఉంటుందని దాని కాళ్లకు తెలియదు. అలాంటి పిల్లకు కొండ మీద చూపించాల్సిన వింతలు వేరే ఏమీ అక్కర్లేదు. ఎక్కడం, జారడం, లేవడం చాలు.

చల్లదనం సంగతి కూడా లెక్క తెలిసే వెళ్లండి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు వేడి సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. జెబెల్ జైస్ యూఏఈలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1,934 మీటర్లు. చలికాలంలో సముద్రం ఒడ్డున చొక్కాతో తిరిగినవాళ్లకు పైన శాలువా కావాలి. ఎండాకాలంలో మాత్రం పైన కూడా మధ్యాహ్నం వేడిగానే ఉంటుంది, ఆశపడి పోకండి. సౌదీలో ఉన్నవాళ్లకు తాయిఫ్, అభా ఉన్నాయి. అభా రెండు వేల మీటర్ల పైన ఉంది, దాని పక్కనే అల్ సూదా మూడు వేల దరిదాపుల్లో ఉంటుంది. ఎడారి దేశంలో ఉన్నామని మర్చిపోయేలా జునిపర్ చెట్లు, పొగమంచు ఉంటాయి. వేసవి సెలవులకు సరిపోయేవి అవే. ఒమాన్‌లోని సలాలా కూడా అంతే. జూన్ చివర్నుంచి సెప్టెంబరు దాకా అక్కడ తుంపర పడుతూనే ఉంటుంది, అరబ్బులు దాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతులు వానాకాలం పంటకు చెప్పే ఖరీఫ్ కూడా ఆ అరబ్బీ మాటే. ఈ ముక్క మీ పిల్లలకు చెప్పి చూడండి, మన ఊరి పొలానికీ ఆ కొండకూ వాళ్ల మనసులో ఒక దారి పడుతుంది. అయితే దుబాయి నుంచి సలాలాకు రాత్రంతా కారు నడిపి వెళ్లేవాళ్లను చూశాను. ఆ సాహసం వద్దు. ఎడారి రోడ్డు తిన్నగా ఉంటుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఒంటెలు అడ్డం వస్తాయి.

ఒకటే చోటు చెప్పమంటే నేను ఒమాన్‌లోని జబల్ అఖ్దర్ చెబుతాను. మేము రెండేళ్ల తర్వాత వెళ్లినది అక్కడికే. కింద బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరి దగ్గర పోలీసులు బండి ఆపి చూస్తారు, నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి అయితేనే పైకి వదులుతారు. మాది మామూలు కారు. దాన్ని కింద పెట్టి, బండి అద్దెకు మాట్లాడుకుని పైకి వెళ్లాం. సైక్ పీఠభూమి సుమారు రెండు వేల మీటర్ల ఎత్తు. లోయ అంచున మెట్లుమెట్లుగా తోటలు, దానిమ్మ, అక్రోటు, గులాబీ. మార్చి చివర నుంచి మే మొదటి వారాల దాకా గులాబీలు పూస్తాయి. తెల్లవారకముందే కోసి, మట్టి పొయ్యి మీద కుండల్లో మరిగించి పన్నీరు తీస్తారు. రెండు రాత్రులూ మేము ఒక చిన్న ఇంట్లో ఉన్నాం. మధ్య రోజు చేసిందల్లా ఆ తోటల పక్క కాలువ వెంట నడవడమే.

ఆ కాలువల గురించి చెప్పాలి. ఫలజ్ అంటారు వాటిని. కొండ అడుగున నీటి ఊట దొరికిన చోటి నుంచి, నీరు తనంతట తానే జారేటట్టు సన్నటి వాలుతో కాలువ తవ్వుకుంటూ పొలాల దాకా తెస్తారు. మోటారు లేదు, ఏతం లేదు. ఒమాన్‌లోని ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, వాటిలో ఒకటి బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మైన్. మావాడు ఆ నీళ్లలో ఆకు వదిలి, దాని పక్కనే పరుగెత్తి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకో ఆకు వదిలి, అలా పూటంతా గడిపాడు. సాయంత్రం వాళ్ల నాన్న వాడితో, "ఇట్లాంటిదే మన బీదర్ దగ్గర కూడా ఉంది బిడ్డా" అన్నారు. నిజమే. జహీరాబాద్ నుంచి సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలోనే బీదర్. ఆ పక్కన నౌబాద్ దగ్గర బహమనీ సుల్తానుల కాలంలో పర్షియా పద్ధతిలో తవ్వించిన భూగర్భ కాలువ ఉంది. కరేజ్ అంటారు, అక్కడివాళ్లు సురంగ బావి అంటారు. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బీదర్ పాత నగరాన్ని కాపాడుకోవలసిన చోట్ల జాబితాలో పెట్టింది. చిన్నప్పుడు మా నాన్నతో బీదర్‌కు ఎన్నిసార్లు వెళ్లానో, ఆ సురంగం దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు. ఒమాన్ కొండ మీద మావాడు అడిగాకే, తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు వెళ్లి చూశాం.

ఇది చదివి పిల్లలకు పాఠం చెప్పడానికి ఇదే అదను అనుకోకండి. మా ఆయన ఆ మాట అన్నది వాడు రోజంతా ఆడుకున్నాక, అదీ ఒక్క వాక్యం. తిరిగొచ్చాక "ఏం నేర్చుకున్నావ్" అని అడగకండి. పక్కింటివాళ్ల ముందు నిలబెట్టి చెప్పించకండి. సెలవును కూడా పరీక్ష చేస్తే పిల్లలు ఇంకోసారి మనతో రావడానికి ఇష్టపడరు.

తల్లి సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. మనవాళ్ల కొండ ప్రయాణాల్లో చాలావరకు వంటిల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడమే జరుగుతుంది. గ్యాస్ స్టవ్, కుక్కర్, కారప్పొడి డబ్బా, పెరుగు తోడు, అన్నీ కారెక్కుతాయి. పైకి వెళ్లాక మగవాళ్లు కుర్చీల్లో, పిల్లలు ఆటలో, ఆడవాళ్లు గాలికి ఆరిపోతున్న పొయ్యి దగ్గర. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తే పదహారు మందికి వండాలి. ఇంటికొచ్చాక నడుం నొప్పి తగ్గడానికి వారం పట్టేది నాకు. అయ్యలారా, ఆ రెండు రోజులు వంట మీరు చూడండి. రాకపోతే కొనండి. సజ్జ రొట్టెలు కట్టుకుపోతే రెండు రోజులు చెడవు, ఎల్లిపాయ కారం, పల్లీల పొడి ఉంటే పూట గడిచిపోతుంది. అన్నం ఒక పూట లేకపోతే పిల్లలకేమీ కాదు. అమ్మ ఖాళీగా కూర్చుని ఆకాశం చూడడం పిల్లలు చూడాలి. మా చిన్నది నన్ను అలా చూసి, "అమ్మా, నీకు జ్వరమొచ్చిందా" అని అడిగింది. అప్పటికి దానికి ఐదేళ్లు. నేను ఊరికే కూర్చోవడం ఆ ఐదేళ్లలో అది చూడలేదు.

అలాగే నాన్నకు నిద్ర కావాలి. రాత్రి డ్యూటీ దిగి కొండెక్కకండి. సెలవు మొదటి పూట ఇంట్లోనే నిద్రపోయి మధ్యాహ్నం బయల్దేరితే పోయేదేమీ లేదు. మలుపుల దారిలో పిల్లలకు వాంతులు రాకుండా ఉండాలంటే ముందు కడుపు నిండా పెట్టకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. ఫోన్ చూడనివ్వకండి, ఎదురుగా దూరంగా చూడమనండి, అద్దం కొద్దిగా దించండి. చిన్న అల్లం ముక్క చప్పరిస్తే కొందరికి నెమ్మదిస్తుంది. మా జహీరాబాద్ ప్రాంతం అల్లానికి పేరున్నదే, వచ్చినప్పుడు ఎండబెట్టిన శొంఠి కొంచెం కట్టుకుపొండి. చెవులు దిబ్బెడ పడితే పెద్ద పిల్లలు గుటకలు మింగాలి, పసివాళ్లకు పాలు పట్టాలి. మూడు వేల మీటర్ల ఎత్తుకు వెళ్లేవాళ్లకు తలనొప్పి, నీరసం రావచ్చు. ఆ రోజు నెమ్మదిగా ఉండి, నీళ్లు బాగా తాగి, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు, రక్తహీనత ఉన్న పిల్లలైతే బయల్దేరకముందే డాక్టర్ని అడగండి. చల్లగా ఉంది కదా అని టోపీ మానకండి, ఎత్తుకు పోయేకొద్దీ ఎండ చర్మానికి ఎక్కువ తగులుతుంది.

రెండు విషయాల్లో మాత్రం మెత్తగా చెప్పలేను. తాయిఫ్, అభా దారుల్లో కోతుల గుంపులు ఉంటాయి, మన కోతులకన్నా పెద్దవి, బబూన్లు. పిల్లల చేత అరటిపండు ఇప్పించి వీడియో తీయకండి. అవి అందుకే రోడ్ల మీదికి అలవాటు పడ్డాయి, కరుస్తాయి కూడా. రెండోది వాదీలు, అంటే కొండల మధ్య ఎండు వాగులు. చదునుగా, నీడగా, మెత్తటి ఇసుకతో ఉంటాయి. చాప వేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. ఎక్కడో పై కొండల్లో వాన పడితే, మీ నెత్తి మీద మబ్బు లేకపోయినా నిమిషాల్లో వరద వచ్చి పడుతుంది. వాన వేళ వాదీల దగ్గర గుమిగూడితే యూఏఈలో 2023 నుంచి జరిమానా వేస్తున్నారు. జరిమానా మాట అటుంచండి, వాన సూచన ఉన్న రోజు ప్రయాణం మానుకోండి. డబ్బులు కట్టేశామని బయల్దేరకండి.

ఇక ఫోన్ మాట. పిల్లల చేతిలోది తీసేయమని మీకు ఎవరైనా చెబుతారు, నేను మీ చేతిలోదాని గురించి చెబుతున్నాను. కొండెక్కగానే మనం చేసేది జహీరాబాద్‌కు వీడియో కాల్. తాతకు లోయ చూపించు, నానమ్మకు మంచు చూపించు, బాబాయికి చూపించు. అరగంట అవుతుంది. తర్వాత అమ్మమ్మ వైపు. చూపించడం తప్పు కాదు, ఊళ్లో పెద్దవాళ్లకు ఆ నాలుగు నిమిషాలే ప్రాణం. కానీ దానికి ఒక వేళ పెట్టుకోండి. బయల్దేరకముందే చెప్పండి, "రేపు పొద్దున మీకు తొమ్మిదింటికి చేస్తం, మిగతా టైంలో ఫోన్ బంద్ ఉంటది, పరేషాన్ కావద్దు" అని. వాళ్లకు తొమ్మిది అంటే దుబాయి, మస్కట్‌లలో ఏడున్నర, రియాద్‌లో ఆరున్నర. కొండ మీద ఎండ అప్పుడే లోయలోకి దిగుతూ ఉంటుంది. చూపించడానికి కూడా అదే మంచి వేళ.

ఇంతదాకా చెప్పింది పెళ్లాం పిల్లలతో అక్కడ ఉన్నవాళ్లకు. మా వైపు నుంచి వెళ్లినవాళ్లలో చాలామందికి ఆ భాగ్యం లేదు. యూఏఈలో కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు కనీసం నాలుగు వేల దిర్హామ్‌ల జీతమన్నా ఉండాలి, లేదా మూడు వేల జీతంతో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లన్నా ఉండాలి. క్యాంపుల్లో ఉండే మేస్త్రీలకు, డ్రైవర్లకు, క్లీనర్లకు అది అందేది కాదు. వాళ్ల పిల్లలు ఇక్కడ జహీరాబాద్‌లో, కోహీర్‌లో, న్యాల్‌కల్‌లో తల్లి దగ్గర పెరుగుతున్నారు. నాన్న రెండేళ్లకోసారి వస్తాడు. నెలో, నెలా పదిహేను రోజులో ఉంటాడు. ఈ సలహా అన్నిటికన్నా ఆ తండ్రులకే కావాలి.

ఆ నెల ఎలా గడుస్తుందో నేను మా వీధిలో చూస్తూనే ఉన్నాను. మొదటి వారం వచ్చిపోయే చుట్టాలు. రెండో వారం స్లాబు పని, సిమెంటు, ఇసుక. మూడో వారం ఎవరిదో పెళ్లి. మధ్యలో బ్యాంకు, రిజిస్ట్రేషన్ ఆఫీసు, అమ్మను పెద్దాసుపత్రికి తీసుకుపోవడం. చివరి మూడు రోజులు సామాను కట్టడం. పిల్లాడికి మాత్రం నాన్నతో ఒక్క పూట దక్కదు. ఒకాయన కూతురికి ఆరేళ్లు, ఆయన వచ్చిన పది రోజులకు గానీ "బాపు" అని పిలవలేదు. ఇంకో పది రోజులకు ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ పిల్ల నెల రోజులు అన్నం సరిగా తినలేదని తల్లి చెప్పింది.

అందుకే చెబుతున్నాను అన్నా, ఆ నెలలో ఒక్క రోజు, వీలైతే మొదటి వారంలోనే, పిల్లలతో గుట్టకు పొండి. దూరం పోనక్కర్లేదు. కర్ణాటక హద్దులో గొట్టంగుట్ట ఉంది, అటు పక్క చించోళి అభయారణ్యం. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఎండాకాలంలో మోడుగా ఉండే ఆ అడవి వానలు పడ్డాక వేరే లోకం. ఎర్ర మొరం నేల మీద గడ్డి మొలుస్తుంది, రాళ్ల మధ్య నీళ్లు జారతాయి. గల్ఫ్ నుంచి వచ్చిన పిల్లలకు ఇంకో మేలు కూడా ఉంది. గల్ఫ్ స్కూళ్లకు సెలవులు జులై, ఆగస్టుల్లో. మన స్కూళ్లు జూన్‌లోనే తెరుస్తారు. వచ్చిన పిల్లలకు ఆడుకోవడానికి ఇక్కడి అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు పగలు దొరకరు. నెలంతా ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చుంటారు. కానీ ఆ రెండు నెలలే గుట్టకు పోయే కాలం. నిజమైన వాన ఎప్పుడూ సరిగ్గా చూడని పిల్లలు వాళ్లు. తడవనివ్వండి. తల తుడిచి, పొడిబట్టలు కట్టి, వేడివేడి మక్కకంకి చేతిలో పెడితే జలుబు పెద్దగా చేయదు. తడి రాళ్లు జారతాయి, నీళ్ల దగ్గర మాత్రం చెయ్యి వదలకండి. తిండి, నీళ్లు మీరే తీసుకుపొండి, కవర్లు, సీసాలు తిరిగి తెచ్చుకోండి, చీకటి పడకముందే బయటికి వచ్చేయండి.

బండి లేనివాళ్లకు రైలుంది. మా జహీరాబాద్ మీదుగా బీదర్ నుంచి వికారాబాద్ పోయే లైను. కోహీర్, మర్పల్లి, సదాశివపేట రోడ్డు స్టేషన్లు దాటుకుంటూ పోతుంది. జామపండ్ల కాలమైతే కోహీర్ జామలు కొనుక్కుని కిటికీ పక్కన కూర్చోండి. వికారాబాద్‌లో దిగితే అనంతగిరి గుట్టలు ఆటోలో పోయే దూరమే. అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. హైదరాబాద్‌లో మనం ముక్కు మూసుకుని దాటే మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే అని పిల్లలకు చూపించొచ్చు. ఒకప్పుడు క్షయ రోగులను గాలి మార్పు కోసం అక్కడి శానిటోరియంలో ఉంచేవాళ్లు. ఆ గాలి ఆరోగ్యవంతులకు కూడా మంచిదే.

ఆ రోజుకు జీపు మాట్లాడి పన్నెండు మందిని ఎక్కించుకోకండి. అమ్మ, నాన్న, పిల్లలు, అంతే. బావమరిది బాధపడతాడనీ, అన్నావదినలు ఏమనుకుంటారోననీ మొహమాటపడతారు. వాళ్లకు ఇంకో రోజు దావత్ ఇవ్వండి. ఈ ఒక్క రోజు పిల్లలది. గుట్ట మీద కాసేపు తల్లి వెనకబడి, తండ్రిని, బిడ్డను ముందు నడవనివ్వాలి. వాళ్లిద్దరూ మాట్లాడుకోకపోయినా పర్వాలేదు. దారిలో ముల్లు గుచ్చుకుంటే తీసేది ఆయనే కావాలి, అలసిపోతే ఎత్తుకునేది ఆయనే కావాలి. రెండేళ్లు ఫోన్‌లో ముఖంగా మాత్రమే తెలిసిన మనిషికి భుజం ఉందని, చెమట వాసన ఉందని పిల్లకు అప్పుడు తెలుస్తుంది. నేను చెప్పానని కిందటేడు ఒకాయన అలాగే కొడుకును తీసుకుని వెళ్లాడు. తిరిగొచ్చి నాతో అన్నది ఇంతే: "అక్కా, వాడు నా వీపు మీదనే నిద్రపోయిండు."

ఇంకో సంగతి. అక్కడి కొండ ఎంత ఎత్తో పిల్లలు లెక్కలు చెబుతుంటే, మన ఊరి ఎత్తు కూడా చెప్పండి. జహీరాబాద్ సముద్ర మట్టానికి ఆరు వందల మీటర్ల పైనే ఉంది. చార్మినార్ లాంటివి పది ఒకదాని మీద ఒకటి పేర్చినా మన ఊరిని అందుకోవు. దుబాయిలో సముద్రం ఒడ్డున పుట్టిన పిల్లలు తాతగారింటికి రావడమంటే కొండెక్కి రావడమే. రాత్రి మిద్దె మీద పక్కలేసి పడుకోబెట్టండి. చల్లగాలి ఎందుకు వస్తుందో వాళ్లకు అర్థమవుతుంది.

మీ సెలవు తేదీలు ఖాయమై టికెట్లు తీసుకునే రోజే, పెళ్లిళ్లూ స్లాబు పనులూ రాసుకోకముందే, క్యాలెండర్‌లో ఒక్క తేదీకి పిల్లల పేరు రాసి గీత గీయండి. అక్కడుంటే జబల్ అఖ్దర్, ఇక్కడికొస్తే గొట్టంగుట్ట. ఆ రోజుకు ఇంకెవరు పిలిచినా రాలేమని చెప్పండి.